న్యూ హోప్ రోడ్డు మీద తెల్లవారుజాము: టెన్నెస్సీ షెరీఫ్ బ్యూఫర్డ్ పస్సర్ కథ

మెంఫిస్_మూర్తి | శనివారం రాత్రి 9:40

అమ్మానాన్నా వచ్చారు కదా అని పోయిన వారం అమెరికా అంతర్యుద్ధం నాటి షైలో యుద్ధభూమి చూపించడానికి తీసుకెళ్లా. మెంఫిస్ నుంచి 64 నంబరు హైవే పట్టుకుని తూర్పుకి పోవడమే. ఇంకాసేపట్లో షైలో అనగా ఆడమ్స్‌విల్ అని చిన్న ఊరు తగులుతుంది. కాఫీకి ఆగాం. అక్కడ ఎవరిని కదిపినా ఒకటే పేరు, బ్యూఫర్డ్ పస్సర్. ఆయన ఉన్న ఇంటిని మ్యూజియం చేసిపెట్టారు. నాన్న "ఎవర్రా ఈయన, ఇక్కడి ఎమ్మెల్యేనా?" అన్నాడు. షెరీఫ్ అన్నా. "అంటే ఎస్పీయా?" అన్నాడు. అవునూ కాదూ అని నసిగా.

ఇంటికొచ్చి చదవడం మొదలుపెడితే తెల్లారిపోయింది. ఆడమ్స్‌విల్ ఉన్నది మెక్‌నైరీ కౌంటీలో, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 1937లో ఆ కౌంటీలోనే ఫింగర్ అనే పల్లెలో పుట్టాడు. ఆరడుగుల ఆరంగుళాల మనిషి. మెరీన్స్ అనే సైనికదళంలో చేరితే ఉబ్బసం ఉందని ఇంటికి పంపేశారు. షికాగో వెళ్లి కుస్తీలు పట్టాడు. రింగులో పేరు 'బ్యూఫర్డ్ ద బుల్', మన లెక్కన ఆబోతు బ్యూఫర్డ్. 1959 డిసెంబరులో పాలీన్‌ని పెళ్లాడాడు. ఆవిడకి అంతకుముందు పెళ్లిలో ఇద్దరు పిల్లలు. వీళ్లిద్దరికీ ఒక కూతురు. 1962లో సొంత ప్రాంతానికొచ్చి ఆడమ్స్‌విల్ పోలీసు చీఫ్ అయ్యాడు. అంతకుముందు ఆ కుర్చీలో ఉన్నది వాళ్ల నాన్నే. 1964లో మెక్‌నైరీ కౌంటీ షెరీఫ్‌గా గెలిచాడు. అప్పటిదాకా ఉన్న షెరీఫ్ కారు ప్రమాదంలో పోయాడు. మనవాడి వయసు 26.

1973లో ఈయన మీద సినిమా వస్తే దేశమంతా ఆడింది. దుడ్డుకర్ర పట్టుకుని ఒంటిచేత్తో సారా ముఠాల్ని తరిమిన షెరీఫ్ కథ. నా సందేహం వేరే. 26 ఏళ్ల కుర్రాడు, సర్వీసు పరీక్షా లేదు, అకాడమీ లేదు, ఓట్లతో కౌంటీ మొత్తానికి పోలీసు పెద్ద ఎలా అవుతాడు? తెలిసినవాళ్లు చెప్పండి.


చెరువుగట్టు_శీను | శనివారం రాత్రి 10:15

అన్నా, ఎస్పీ అస్సలు కాదు. ఎస్పీకి పైన డీఐజీ ఉంటడు, ఐజీ ఉంటడు, డీజీపీ ఉంటడు. నచ్చకపోతే రాత్రికి రాత్రి బదిలీ. షెరీఫ్‌కు బదిలీ లేదు. ఆ కౌంటీ ఓటర్లే ఆయనకు బాసులు. మన సర్పంచ్ చేతికి లాఠీ, తుపాకీ, జైలు తాళాలు ఇచ్చినట్టు అనుకో, దగ్గర్లకొస్తది.

పట్నానికి పట్నం పోలీసు వేరే ఉంటరు, ఆ చీఫ్‌ను మేయరో కౌన్సిలో పెట్టుకుంటది. మీ పస్సర్ మొదట చేసింది ఆ పని. పట్నాల హద్దు దాటినంక ఉన్న పల్లెలు, పొలాలు, రోడ్లు షెరీఫ్ చూస్తడు. కౌంటీ జైలు ఆయనదే. కోర్టు కాపలా ఆయనదే. సమన్లు, ఇల్లు ఖాళీ చెయ్యమనే నోటీసులు ఇచ్చేది కూడా ఆయన మనుషులే. నేను ఒహాయో వచ్చిన కొత్తల పక్కింటి తలుపుకు షెరీఫ్ ఆఫీసు కాగితం అంటిచ్చి పోయిన్రు. హత్య జరిగిందేమో అని రెండు రోజులు సరిగ నిద్రపోలే. తీరా చూస్తే కిరాయి బాకీ.

పేరు ఇంగ్లండు నుంచి వచ్చింది. షైర్ అంటే జిల్లా అసొంటిది, రీవ్ అంటే రాజు తరఫున పెత్తనం చేసేటోడు. రెండు పదాలు నలిగి షెరీఫ్ అయింది. ఇంగ్లండుల ఇప్పుడది ఉత్త అలంకారం. అమెరికాల మాత్రం ఓట్ల పదవిగ బతికింది. అన్ని రాష్ట్రాలల్ల కాదు. అలాస్కాల కౌంటీలే లేవు, కనెక్టికట్‌ల 2000ల తీసేసిన్రు.


మద్రాసు_కాఫీ | శనివారం రాత్రి 10:32

మనకీ ఉండేవాళ్లండోయ్. మద్రాసు, బొంబాయి, కలకత్తా మూడింటికీ షెరీఫ్‌లు. ఒట్టి గౌరవ పదవి, పెద్దమనుషులకి ఇచ్చేవారు. 1980లో బొంబాయి షెరీఫ్ ఎవరో తెలుసా? దిలీప్ కుమార్. లాఠీ లేదు, జైలు లేదు, సభల్లో ముందు వరస కుర్చీ మాత్రం ఉంది. సరే, నేను పక్కదారి పట్టించాను, మీరు కానివ్వండి.


రిటైర్డ్_ఎస్సై | ఆదివారం ఉదయం 6:05

మూర్తి గారూ, సారా ముఠాలు అన్నారు. ఆ ఊరు రాష్ట్రం సరిహద్దు దగ్గరా? ఎందుకడుగుతున్నానంటే నేను తాళ్లరేవు వైపు పనిచేశాను. పక్కనే యానాం. అది పుదుచ్చేరి వాళ్లది, మందు చవక. పగలు బంధువుల ఇంటికని వెళ్తారు, సాయంత్రం స్కూటర్ డిక్కీలో సీసాలతో వస్తారు. గీత అవతల దొర, ఇవతల దొంగ. బోర్డరు స్టేషన్లో పనిచేసినవాడికే ఆ తలనొప్పి తెలుస్తుంది.


నల్లమల_నాని | ఆదివారం ఉదయం 8:20

సరిగ్గా పట్టుకున్నారు సార్. మెక్‌నైరీ కౌంటీకి దక్షిణం గోడ మిసిసిపీ రాష్ట్రమే. గీత దాటితే కోరింత్ ఊరు. 45 నంబరు హైవే ఆ గీతని దాటే చోట వరసగా మోటెళ్లు, క్లబ్బులు. జూదం, దొంగసారా, ఒళ్లమ్ముకునే వ్యాపారం, దార్న పోయేవాళ్లని దోచుకోవడం. ఆ గుంపుని 'స్టేట్ లైన్ మాబ్' అనేవాళ్లు. ఇటు షెరీఫ్ వస్తే అటు, అటు షెరీఫ్ వస్తే ఇటు. పైగా మిసిసిపీలో 1966 దాకా రాష్ట్రమంతా మద్యనిషేధం. నిషేధం ఉన్నచోట వ్యాపారం ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

పస్సర్ వచ్చాక దొంగబట్టీలు పగలగొట్టాడు, దాడులు చేశాడు. 1966 ఫిబ్రవరి 1న షామ్‌రాక్ మోటెల్ నడిపే లూయీస్ హాథ్‌కాక్ దగ్గరికి దోపిడీ ఫిర్యాదు మీద వెళ్లాడు. ఆవిడ తన మీద పిస్టల్ పేల్చిందనీ, తను తిరిగి కాల్చాననీ చెప్పాడు. ఆవిడ చనిపోయింది. ఆత్మరక్షణ కింద తేల్చారు. 1967 జనవరిలో ఈయన మీద కాల్పులు జరిగి మూడు తూటాలు తగిలాయి, బతికాడు.

ఇక అసలు ఘట్టం. 1967 ఆగస్టు 12, ఇంకా తెల్లారలేదు. న్యూ హోప్ రోడ్డు వైపు గొడవ జరుగుతోందని ఇంటికి ఫోనొచ్చింది. పాలీన్ కూడా కారెక్కింది. చర్చి దాటాక వెనకనుంచి ఒక కారు వచ్చి తూటాల వర్షం కురిపించింది. ఆవిడ అక్కడే పోయింది, 33 ఏళ్లు. ఈయనకి దవడ పగిలిపోయింది, ఆపరేషన్ల మీద ఆపరేషన్లు. ముఖం మీద ఆ గుర్తు చచ్చేదాకా ఉంది. టోహెడ్ వైట్ అనే ముఠా నాయకుడు చేయించాడని నమ్మాడు. కేసు మాత్రం ఎవరి మీదా నిలబడలేదు. వైట్ 1969లో కోరింత్‌లో కాల్పుల్లో పోయాడు.

భార్యని పోగొట్టుకుని, ముఖం ఛిద్రమైపోయి, మళ్లీ డ్యూటీకొచ్చాడు. హీరో అంటే ఇంకెలా ఉంటాడు?


రిటైర్డ్_ఎస్సై | ఆదివారం ఉదయం 9:10

నాని గారూ, బాగా చెప్పారు. కానీ 31 ఏళ్లు కేసు డైరీలు రాసినవాణ్ణి, చెయ్యి ఊరుకోదు. మీరు చెప్పినదాంట్లో కళ్లారా చూసినవాడు ఒక్కడే. అతనే ఫిర్యాది, అతనే బాధితుడు, ఆ కౌంటీలో పోలీసు పెద్దా అతనే. అతని మాట అతని దగ్గర జీతం తీసుకునే డిప్యూటీ రాసుకోవాలి. ఇలాంటి కేసులో నేనైతే కాయితం తీసి మొదట అడిగేది ఒకటే.

ఆవిడ పోస్టుమార్టం ఏమంది?


మెంఫిస్_మూర్తి | ఆదివారం ఉదయం 9:55

సార్, చెయ్యలేదు.


రిటైర్డ్_ఎస్సై | ఆదివారం ఉదయం 9:58

చెయ్యలేదా?


శ్రీలత_నాష్‌విల్ | ఆదివారం ఉదయం 11:30

నేను ఉండేది నాష్‌విల్‌లో, ఈ వార్త ఇక్కడ రోజుల తరబడి నడిచింది. ఇంకా ఎవరూ చెప్పలేదేంటా అని చూస్తున్నా. నాని గారు చెప్పింది 2025 ఆగస్టు దాకా ఉన్న కథ.

టెన్నెస్సీ రాష్ట్ర దర్యాప్తు సంస్థ టీబీఐ 2022లో పాత కేసులు మళ్లీ తెరిచింది. పాలీన్ ఫైలు తీస్తే అసలు శవపరీక్షే జరగలేదని బయటపడింది. హత్యకి వాడిన తుపాకీ ఇదేమో అని ఒక సమాచారం కూడా అందింది. 2024 ఫిబ్రవరిలో సమాధి తవ్వి ఎముకలు పరీక్షించారు. 2025 ఆగస్టు 29న ఆ ప్రాంతం జిల్లా అటార్నీ మార్క్ డేవిడ్‌సన్, టీబీఐ వాళ్లు కలిసి ప్రెస్‌మీట్ పెట్టి చెప్పింది ఇదీ: పాలీన్‌ని చంపింది బ్యూఫర్డ్ పస్సరేనని నమ్మడానికి తగిన ఆధారాలున్నాయి. ఆయన బతికుంటే అభియోగం కోసం గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టడానికి ఆధారాలు చాలునా అని తేల్చే పౌరుల బృందం) ముందుకి వెళ్లేవాణ్ణని అటార్నీ అన్నారు.

ఏం దొరికిందంటే, ఆవిడ తల గాయాలకీ కారు లోపలి ఫోటోలకీ పొంతన లేదు. నెత్తురు చుక్కలు బయట, కారు బానెట్ మీద కూడా ఉన్నాయి. ఆయన చెప్పినట్టు ఆవిడ కారు లోపల కూర్చుని ఉండగా జరిగుంటే అక్కడికెలా వస్తాయి? ఆవిణ్ణి కారు బయట కాల్చి తర్వాత లోపల పెట్టి ఉండే అవకాశమే ఎక్కువన్నారు. ఆయన దవడ గాయం దూరం నుంచి తగిలింది కాదు, తుపాకీ దాదాపు ఆనించి కాల్చింది, తనే కాల్చుకుని ఉంటాడు అన్నారు.

ఇంకొకటి. ఆవిడ ముక్కు ఎముక అంతకుముందే ఎప్పుడో విరిగి అతుక్కుని ఉంది.


చెరువుగట్టు_శీను | ఆదివారం ఉదయం 11:41

ఓరి దేవుడా.


నల్లమల_నాని | ఆదివారం మధ్యాహ్నం 12:20

ఇది నాకు తెలియదు, నిజంగా. నేను చదివిన పుస్తకం పాతది.

అయినా ఒక మాట. 57 ఏళ్ల తర్వాత ఎముకలు తవ్వి ఒక మనిషిని హంతకుడు అనెయ్యడం న్యాయమా? ఆయన వచ్చి నోరు విప్పలేడు. తరఫున లాయరు లేడు. క్రాస్ ఎగ్జామినేషన్ లేదు. కోర్టు తీర్పు లేదు, ఉన్నది ప్రెస్‌మీటు. ముక్కు దేనికైనా విరగొచ్చు, జారిపడ్డా విరుగుతుంది. ముఠాల మీద పోరాడిన మాట అబద్ధం కాదుగా? జనవరిలో మూడు తూటాలు తగిలిన మాట?


రిటైర్డ్_ఎస్సై | ఆదివారం మధ్యాహ్నం 1:05

నాని గారూ, కోర్టు తీర్పు కాదన్న మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. ముద్దాయి చనిపోతే కేసు అక్కడితో ఆగిపోతుంది, మన దగ్గరైనా అంతే. ముక్కు సంగతి కూడా సరే. కానీ వాళ్లు ఆ ఎముక ఒక్కటే చూడలేదు, ఆ కాపురం బాగాలేదనీ, ఇంట్లో చెయ్యి చేసుకోవడం ఉందనీ తెలిసినవాళ్ల వాంగ్మూలాలూ తీసుకున్నామన్నారు.

గాయం సంగతి వేరు. తుపాకీ గొట్టం ఒంటికి ఆనించి పేలిస్తే గాయం అంచు కాలుతుంది, మసి లోపలికి పోతుంది. పక్క కారులోంచి పేలిస్తే అది ఉండదు. దీనికి పెద్ద ల్యాబొరేటరీ అక్కర్లేదు, 1967లోనూ ఏ గవర్నమెంటు డాక్టరైనా చెప్పగలడు. ఎవరో అడగాలి, అంతే.

మా సర్వీసులో ఆడమనిషి అనుమానంగా చనిపోతే అప్పటి సీఆర్పీసీ సెక్షన్ 174 కింద కేసు కట్టి, శవపంచనామా చేసి, పోస్టుమార్టానికి పంపాల్సిందే. పెళ్లయి ఏడేళ్లు దాటకపోతే తహసీల్దారు స్వయంగా వచ్చి పంచనామా చేస్తాడు. లెక్క వేశాను: 1959 డిసెంబరు నుంచి 1967 ఆగస్టు అంటే ఏడేళ్ల ఎనిమిది నెలలు. తహసీల్దారు రాకపోయేవాడేమో, పోస్టుమార్టం మాత్రం తప్పేది కాదు.

మేమేదో సత్యవంతులమని చెప్పడం లేదు. నేను పనిచేసిన ఒక చోట, పేరు వద్దు, సాటి ఉద్యోగి భార్య కాలి చనిపోయింది. స్టవ్ పేలిందన్నారు. పంచనామా రాసే వేళకి స్టేషన్లో అందరి మొహాలూ నేలచూపులే. డాక్టరుకి ఫోన్లు. ఆ రిపోర్టు మీద నా సంతకం లేదు గానీ, నా నోరూ లేవలేదు. అందుకే ఆ టెన్నెస్సీ ఊళ్లో జరిగింది ఎలా జరిగిందో అర్థమవుతుంది.


చెరువుగట్టు_శీను | ఆదివారం మధ్యాహ్నం 2:30

సార్ మాటకు ఒక ముక్క కలుపుతా. షెరీఫ్‌నే అరెస్టు చెయ్యాలంటే ఎవరు చెయ్యాలె? పాత ఇంగ్లీషు చట్టంల దానికి ఒక జవాబుండె: కరోనర్. శవాలు చూసి చావుకు కారణం తేల్చే అధికారి. షెరీఫ్‌కు వారంటు ఇయ్యాలన్నా, షెరీఫ్ మీద కేసులో పని చెయ్యాలన్నా కరోనరే. అమెరికాల చాన రాష్ట్రాలకు ఈ పద్ధతి వచ్చింది. అంటే ఈ కొలువును తయారు చేసినోళ్లకు తెలుసు, షెరీఫ్ తప్పు చేస్తే పట్టేటోడు ఒకడు ఉండాలని, వాడు శవాన్ని చూసేటోడే అయి ఉండాలని.

ఈ కేసుల శవాన్నే సరిగ చూడలే.


గోదారిగట్టు | ఆదివారం సాయంత్రం 5:45

పొద్దుట్నుంచీ చదువుతున్నాను. నన్ను పట్టుకున్నది హత్య కంటే ఇంకొకటి. ఈయన జీవితంలో పెద్ద సంఘటనలు ఒక్కొక్కటీ తీసి చూడండి, సాక్షి ఎవరో.

హాథ్‌కాక్ గదిలో ఆవిడా ఆయనా. ఆవిడ పోయింది, మిగిలినవాడి మాట నిలిచింది. 1968 క్రిస్మస్ రోజున గొడవ జరుగుతోందన్న ఫిర్యాదు మీద వెళ్లి ఇంకో మనిషిని కాల్చి చంపాడు, అదీ ఆత్మరక్షణే. న్యూ హోప్ రోడ్డు మీద ఆవిడా ఆయనా. మళ్లీ ఆవిడ పోయింది, మిగిలినవాడి మాట నిలిచింది. ఇవన్నీ హత్యలని నేననడం లేదండీ. నాని గారు చెప్పినట్టు ఆ ముఠా నిజం, ఆ తూటాలూ నిజమే అయ్యుండొచ్చు. చెప్పేవాడు ఒక్కడే అయినప్పుడు కథ ఎంత నున్నగా తయారవుతుందో చూడండి, అంతే. ఆ నున్నటి కథ మీద పుస్తకాలు రాశారు, సినిమా తీశారు, 2004లో హీరో డ్వేన్ జాన్సన్‌తో పేర్లూ ఊళ్లూ మార్చి మళ్లీ తీశారు.

సొంత కౌంటీ వాళ్ల సంగతి ఇంకా తమాషా. అప్పట్లో టెన్నెస్సీలో షెరీఫ్ పదవీకాలం రెండేళ్లే, వరసగా మూడుసార్లకి మించి కూడదు. అందుకే 1970లో దిగిపోయాడు. 1972లో మళ్లీ నిలబడితే ఓడించారు. సినిమా గొడవ వల్ల ఓడానని ఆయన చెప్పుకున్నాడు. కావచ్చు. దేశం చప్పట్లు కొట్టడానికి ఏడాది ముందే, రోజూ ఆయన్ని చూసేవాళ్లు వేరే మనిషికి ఓటేశారన్నది మాత్రం లెక్కల్లో ఉంది.

చివరికి 1974 ఆగస్టు 21. ఆ రోజే మెంఫిస్‌లో విలేఖర్ల ముందు, సినిమా రెండో భాగంలో తన పాత్ర తనే వేస్తానని ప్రకటించారు. సాయంత్రం కౌంటీ తిరునాళ్లకి వెళ్లాడు. తిరిగొస్తూ కార్వెట్ కారు గట్టుకి కొట్టుకుని తగలబడింది. 36 ఏళ్లు. తన వేషం తనే కట్టబోతూ పోయాడు.


మద్రాసు_కాఫీ | ఆదివారం సాయంత్రం 6:10

గోదారిగట్టు గారి లెక్క చూశాక దిలీప్ కుమార్ సంగతి ఎందుకు చెప్పానా అనిపించింది. మా షెరీఫ్ సినిమాల్లోంచి పదవిలోకొచ్చాడు, మీ షెరీఫ్ పదవిలోంచి సినిమాల్లోకెళ్లాడు.


నల్లమల_నాని | ఆదివారం రాత్రి 7:30

సరే. రాత్రంతా వాదించను. నేను ఇంటర్లో ఉన్నప్పుడు ఆ సినిమా వీడియో క్యాసెట్‌లో చూశాను. మా ఊళ్లో అప్పుడు బెల్టుషాపుల గొడవ. ఆడవాళ్లు వెళ్లి అడిగితే మాకు రాతపూర్వకంగా ఇవ్వండి అని తిప్పి పంపేవాళ్లు. అలాంటి రోజుల్లో ఒక పోలీసాయన కర్ర పట్టుకుని సారా కొట్టుని పగలగొడుతుంటే ఎలా ఉంటుంది? నాకు ఆ షెరీఫ్ కావాలి అనిపించింది. ఇప్పుడు వదులుకోవాలంటే కష్టంగా ఉంది. అది ఆధారం కాదని తెలుసు.


శ్రీలత_నాష్‌విల్ | ఆదివారం రాత్రి 8:15

నాని గారూ, మీరు అలా చెప్పినందుకు సంతోషం. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు రాసింది.

నేను ఇక్కడ ఇళ్లలో దెబ్బలు తినే ఆడవాళ్ల హెల్ప్‌లైన్‌లో వారానికి ఒక సాయంత్రం కూర్చుంటాను, తెలుగువాళ్లు ఫోన్ చేస్తే మాట్లాడటానికి. పోలీసులకి, 911 కి ఫోన్ చెయ్యమ్మా అంటే కొంతమంది అనే మాట ఒకటుంది: "ఆయనకి అందరూ తెలుసండీ." వాళ్ల ఆయన పోలీసు కాదు, సంఘంలో నలుగురికీ తెలిసిన మనిషి, అంతే. ఆ మాత్రానికే వీళ్లకి గొంతు పెగలదు. పాలీన్ ఉన్నది 1967లో, పల్లెల కౌంటీలో. ఫోన్ చేస్తే ఎత్తేది మొగుడి ఆఫీసే. అరెస్టు చేసి పెట్టే జైలు తాళాలూ మొగుడివే. ముక్కు విరిగిన రోజు ఆవిడ ఎవరికి చెప్పుకుంటుంది?

ఆవిడ తమ్ముడు ఇప్పుడు పెద్దాయన. అక్క కేసు మళ్లీ తెరిచినందుకు దర్యాప్తు చేసినవాళ్లకి ధన్యవాదాలు చెప్పాడు. విని మరీ ఆశ్చర్యపోలేదని అన్నాడు.


రిటైర్డ్_ఎస్సై | ఆదివారం రాత్రి 8:40

అమ్మా శ్రీలతా, ఆ చివరి మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టాను. ఇంట్లోవాళ్లకి ఎప్పుడూ తెలుసు. మేం అడగం.


మెంఫిస్_మూర్తి | ఆదివారం రాత్రి 9:20

షెరీఫ్ అంటే ఎస్పీయా అని అడిగి ఎంత దూరమొచ్చామో. ఇదంతా ఇందాక భోజనాల దగ్గర అమ్మకీ నాన్నకీ చదివి వినిపించా. నాన్న మళ్లీ పదవి దగ్గరే ఆగాడు. "బదిలీ లేని పోలీసా, బాబోయ్" అని మజ్జిగ పోసుకున్నాడు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. గిన్నెలు తీసేటప్పుడు అడిగింది, "ఆవిడ ఎలా ఉండేదిరా, ఫోటో చూపించు" అని.

ఆడమ్స్‌విల్‌లో తీసిన ఫోటోలన్నీ వెతికా. 40 దాకా ఉన్నాయి. బోర్డులు, కారు, ఆయన. ఆవిడ ఫోటో ఒక్కటీ తియ్యలేదు. నెట్‌లో వెతికి చూపించా. "మీ మేనత్త పోలికలున్నాయి" అంది.


చెరువుగట్టు_శీను | ఆదివారం రాత్రి 9:50

అన్నా, ఆ దర్యాప్తు ఫైలు వెయ్యి పేజీల పైనే ఉందట. జనం చదువుకునేటట్టు మార్టిన్‌ల ఉన్న యూనివర్సిటీ ఆఫ్ టెన్నెస్సీకి అప్పజెప్తమని చెప్పిన్రు. ఎప్పుడన్న అటు పోతే చెప్పు, నేను గూడ వస్త. ఎస్సై సార్‌కు వీడియో కాల్ పెడదం, పేజీలు ఆయన తిప్పమన్నకాడికి తిప్పుదం.


రిటైర్డ్_ఎస్సై | ఆదివారం రాత్రి 9:57

మొదట సీన్ ఆఫ్ అఫెన్స్ ఫోటోలు తియ్యండి. వాంగ్మూలాలు తర్వాత.